ఎడారి ఊళ్ళో ఇల్లు

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలోని ఫీనిక్సు దగ్గర ఉద్యోగమైంది. కంపెనీ చాండ్లర్‌లోనట. ఇల్లు ఎక్కడ చూసుకోమనాలి? తూర్పుముఖం ఉండాలని నా పట్టు.

జవాబు: 2023 వేసవిలో ఫీనిక్సులో వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. మన రెంటచింతలవారు సైతం హడలిపోయే మాట! చాండ్లర్‌కు తూర్పున ఉన్న గిల్బర్టులో చూడమనండి. పొద్దున పడమరకు వెళ్ళి, సాయంత్రం తూర్పుకు తిరిగివస్తాడు గనుక కారు నడిపేవేళ సూర్యుడు వెనకనే ఉంటాడు, కళ్ళల్లో పొడవడు. ఇక తూర్పుముఖం అంటారా, పెరడు పడమటికి వస్తుంది. సాయంత్రం అక్కడ వడియాలు ఎండబెట్టుకోవచ్చు గాని మనుషులు కూచోలేరు. ఉత్తరముఖాన్ని మన పెద్దలూ కాదనలేదు కదా! ఏ ఇల్లయినా ఖాయం చేసేముందు సాయంత్రం నాలుగింటికి ఒకసారి వెళ్ళి పడమటిగోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి.