కసమ్ పరేడ్‌కు పోయే ఇంటివారితో



అమరచింత దగ్గరి పల్లె నుండి ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాసినది. ఆమె కుమారుడు అగ్నివీరుడుగా ఎంపికై గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందుచున్నాడు. శిక్షణ ముగింపునకు వచ్చినది, తల్లిదండ్రులు రావాలని పిలుపు వచ్చినది. "పట్నము మాకు ఆస్పత్రి వరకే తెలుసు. ఎంతమందిమి పోవచ్చు, ఎక్కడ ఉండాలి, ఎంత ఖర్చవుతుంది, తినడానికి ఏమి తీసుకొని పోవాలి?" అని అడిగినది.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు మాకు ఒక అర్హత ఉన్నది. మా అక్క కొడుకు ఇదే సెంటర్‌లో శిక్షణ ముగించినప్పుడు మేనమామ హోదాలో ప్రయాణమంతా ఏర్పాటు చేసినది మేమే. చేయకూడనివి దాదాపు అన్నీ చేసి వచ్చినాము.

మన పాలమూరు వారికి పిల్లలను సాగనంపుట కొత్త కాదు. బొంబాయి బస్సు, పూనా బస్సు ఎక్కించి, రొట్టెల మూట చేతికిచ్చి, బస్సు మలుపు తిరిగే వరకు నిలబడిన తల్లులు ప్రతి సంఘములోను ఉన్నారు. ప్రాజెక్టు కట్టల మీద, రోడ్ల మీద మన వారి చెమట దేశమంతా ఉన్నది. కాని ఆ పనుల దగ్గరకు "మీ వాడు ఎట్లా చేస్తున్నాడో వచ్చి చూడండి, మీకు కుర్చీ వేస్తాము" అని తల్లిదండ్రులను పిలిచినవారు ఒక్కరూ లేరు. సైన్యము పిలుస్తున్నది. అందుకే ఊరంతా కదలాలనిపిస్తుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ముందు ఆ దినము ఏమి జరుగుతుందో చెప్పుకుందాము. దీనిని కసమ్ పరేడ్ అంటారు. కసమ్ అంటే ఒట్టు. అంతవరకు రిక్రూటుగా ఉన్న పిల్లవాడు ఆ దినము ప్రమాణము చేసి సైనికుడవుతాడు. ఆర్టిలరీ సెంటర్‌లో అగ్నివీరుల శిక్షణ 31 వారములు. మొదటి 10 వారములు ప్రాథమిక శిక్షణ, తరువాత 21 వారములు వారి వారి పనికి సంబంధించిన పై శిక్షణ. గోల్కొండ సెంటర్ 1962లో ఏర్పడినది. ఇంతకంటే పాతది మహారాష్ట్రలో నాసిక్ రోడ్ దగ్గర ఉన్నది. మిగిలిన రెజిమెంట్లు తమ పతాకమును గౌరవించినట్లు ఆర్టిలరీవారు తమ ఫిరంగినే పతాకముగా గౌరవిస్తారు. కనుక మైదానములో ఫిరంగులను చూచి, మా బావ అనుకున్నట్లు, అలంకారానికి పెట్టినారని అనుకొనవద్దు. కవాతు అయిన తరువాత చాలా సెంటర్లలో తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అనే పతకము ఇస్తారు. ఆఫీసర్ల సంగతి వేరు. చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీలోనైతే కొత్త ఆఫీసరు భుజము మీద నక్షత్రములను కన్నవారే తొడుగుతారు.

ఇక మా సంగతి. పరేడ్‌కు నెల దినముల ముందు ఒక ఆదివారము మా వాడు ఫోను చేసి, "మామా, నలుగురికి పాసులు ఇస్తారట. వచ్చేవారి పేర్లు, ఆధార్ నంబర్లు చెప్పు, వ్రాసి ఇయ్యాలె" అన్నాడు. లైను సరిగా వినిపించుట లేదు. "అమ్మ పేరు, నాయిన పేరు వ్రాసియ్యి, మిగతావి వచ్చే వారం చెప్తాము" అన్నాము. వచ్చే వారము మేము కన్వెన్షన్ కూటములకు పోయినాము, ఫోను ఇంటిలో ఉన్నది. ఆ రెండు పేర్లే లిస్టులో ఎక్కినవి.

మేము మాత్రము తుఫాన్ బండి మాట్లాడి పద్నాలుగు మందిమి బయలుదేరినాము. అందులో మా అమ్మ కూడా ఉన్నది. మా అక్కాబావలు పూనాకు పనికి పోయిన ఏండ్లలో ఆ పిల్లవానిని సాకినది ఆమెయే. మూడేండ్లప్పటి నుండి ఏడో తరగతి వరకు వాడు ఆమె కొంగు పట్టుకొని పెరిగినవాడు. వాడు మొదట అవ్వ అన్నాడు, తరువాతనే అమ్మ అన్నాడు.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే గేటు దగ్గర దిగినాము. అక్కడి జవాను లిస్టు చూచి అక్కను, బావను లోపలికి పంపినాడు. మా అమ్మ పేరు లేదు. ఆధార్ కార్డు పింఛను పుస్తకముతోపాటు పెట్టెలో ఉండిపోయినది, దాని ఫోటో మా ఫోనులో ఉన్నది. ఆ జవాను మర్యాదగానే మాట్లాడినాడు, తన పని తాను చేసినాడు. తప్పు మాదే. రెండు చోట్లు ఖాళీగా ఉండగా మేము చెప్పని పేరు వలన ఆమె గోడ ఇవతల ఉండిపోయినది. ఆమెను విడిచి పోలేక మేము కూడా అక్కడే ఒక చెట్టు క్రింద కూర్చున్నాము. కనుక పరేడ్‌ను గూర్చి పైన వ్రాసినదంతా మా బావ చెప్పగా విన్నదే. మేము స్వయముగా విన్నది గోడ అవతలి బ్యాండు మాత్రమే.

కాబట్టి సహోదరీ, మొదటి పని పేర్లు. ఎంతమందికి అనుమతియో నీ కొడుకునే అడుగు, ఒక్కొక్క సెంటర్‌కు ఒక్కొక్క పద్ధతి ఉంటుంది. ఆ సంఖ్యలో ఇంటిలోని పెద్దదిక్కును ముందు వ్రాయించు. ఊరి పెద్దలు, బండి మాట్లాడినవారు, మా వంటి మేనమామలు ఆ తరువాత. ఆధార్‌లో ఉన్న పేరే లిస్టులో ఉండాలి. మనవారికి ఇంట ఒక పేరు, బాప్తిస్మపు పేరు ఒకటి, కార్డులో మరొకటి ఉండుట మామూలే. అసలు కార్డు ఒక సంచిలో వేసి ఆ సంచి ఒక్కరి దగ్గరే ఉంచు. ఫోనులు, కెమెరాలు లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో. మా బావ ఫోను గేటు దగ్గర ఇచ్చి పోయి, వచ్చేటప్పుడు తీసుకొనుట మరచినాడు, మరల పరుగెత్తినాడు.

తేదీ సంగతి కూడా చెప్పవలెను. పిలుపు వచ్చిన తరువాత కూడా తేదీ ఒకటి రెండు దినములు జరుగవచ్చు. గోల్కొండ మనకు దగ్గర కనుక ఫరవాలేదు. బెంగుళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూపులోనో, నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోనో, నాసిక్ రోడ్‌లోనో పిల్లలున్నవారికి ఇది పెద్ద చిక్కు. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషన్ 60 దినముల ముందు మాత్రమే ఇస్తున్నారు. తేదీ ఖాయమయ్యేసరికి సీట్లు ఉండవు. సుమారు తేదీ తెలిసిన వెంటనే టికెట్టు తీసుకొని, మారితే రద్దు ఖర్చు భరించుటయే మేలు.

మన వైపు నుండి పట్నమునకు బండి అవసరమే లేదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల మీదుగా బస్సులున్నవి. మదనాపురములోని వనపర్తి రోడ్ స్టేషన్‌లో కాచిగూడ రైలు ఎక్కవచ్చు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, పట్నపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు, తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపితే చాలును. చూచినారా, ఆ ఆధార్ కార్డు ఇక్కడ కూడా కావలెను. ముందుదినము సాయంత్రమునకే చేరుకొనండి. తెల్లవారుజామున ఊరినుండి బయలుదేరి సమయానికి అందుకొనుట జరిగే పని కాదు.

రాత్రి ఉండుటకు మేము ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాము. ఫోనులో చెప్పిన ధర ఒకటి, అక్కడికి పోయిన తరువాత అడిగినది మరొకటి, మనిషికి ఇంత అని పైన మరికొంత. అర్ధరాత్రి ఎవరితో వాదించగలము? మన ప్రతి ఊరివారు పట్నములో ఎవరో ఒకరు ఉంటారు. లంగర్‌హౌజ్, మెహదీపట్నం వైపు తెలిసినవారు ఉంటే సిగ్గుపడకుండా అడుగండి. ఒక రాత్రి చాప పరచుటకు మనవారు కాదనరు. కోట చూచుట పరేడ్ తరువాత పెట్టుకొనండి. ముందుదినము ఎక్కిన మా వదినగారు తెల్లవారి మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నది.

ఖర్చు మాట వ్రాయుటకు కొంచెము సంకోచముగా ఉన్నది, అయినా వ్రాయవలెను. మా బావ మగ్గము మీద బ్రతికేవాడు. బండికి, లాడ్జికి, అందరికీ కొత్త బట్టలకు, ఇంటి దగ్గర కృతజ్ఞత కూడికకు కొన్న మేకకు కలిపి నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చినాడు. "వాడు సిపాయి అయ్యె, తీరుస్తడు" అనుకున్నాడు. లెక్క చూడండి. అగ్నివీరునికి మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతము, అంటే 9,000, సేవా నిధికి పట్టుకుంటారు. ప్రభుత్వము అంతే మొత్తము కలుపుతుంది గాని, అది నాలుగేండ్ల తరువాత చేతికి వచ్చేది. ఇప్పుడు అందేది 21,000. మేము ఆ రెండు దినములలో పిల్లవాని నెల జీతమునకు మించి ఖర్చు పెట్టినాము, వానిని అడుగకుండానే.

ఆ నాలుగేండ్ల మాట కూడా ఇంటివారందరికి తెలిసి ఉండాలి. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకమును ప్రకటించినప్పుడు పెట్టిన నియమము ప్రకారము, నాలుగేండ్ల తరువాత నూటికి 25 మంది వరకే స్థిరముగా తీసుకొనబడుదురు. మిగిలినవారు సేవా నిధితో, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలతో ఇంటికి వస్తారు. పింఛను లేదు. సర్వీసులో ఉన్నంతకాలము 48 లక్షల జీవిత బీమా ఉన్నది, దాని ప్రీమియము పిల్లవాడు కట్టనక్కరలేదు. ఇవన్నీ తెలిసే వాడు చేరినాడు. తెలియనిది మనకే. కాని ఈ సంగతులు పరేడ్ దినమున గేటు దగ్గర ఎత్తవద్దు. మా బంధువొకాయన ఎత్తినాడు, "నాలుగేండ్లకు ఏం చేస్తవురా" అని. పిల్లవాని ముఖము చూడలేకపోయినాము.

కూడిక సంగతి ఇంకొకటి. పరేడ్ కాగానే కొడుకు మనతో వస్తాడని అనుకొనవద్దు. సెలవు ఎప్పుడు ఇస్తారో, ముందు యూనిట్‌కు పొమ్మంటారో వానిని అడిగిన తరువాతనే కార్డులు పంచండి. మేము ఆదివారము సాయంత్రమునకు కూడిక పెట్టినాము. కాపరిగారు వచ్చినారు, సంఘమంతా వచ్చినది, భోజనములైనవి. పిల్లవాడు మాత్రము గోల్కొండలోనే ఉన్నాడు.

ప్రమాణమును గూర్చి మా సంఘములో ఒక చర్చ జరిగినది. మన ప్రాంతములో పనిచేసిన మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీల సంప్రదాయములో ఆయుధము పట్టరాదు, ఒట్టు పెట్టుకొనరాదు అను బోధ ఉండెను. ఒక పెద్దాయన మత్తయి 5వ అధ్యాయము తీసి మా బావను అడిగినాడు. ఆ రాత్రి మా బావకు నిద్ర పట్టలేదు. సైన్యములో ధర్మగురువులు ఉంటారు, ఎవరి మతగ్రంథము ముందు వారు ప్రమాణము చేస్తారు, మనవారికి బైబిలు ఉంచుతారు. దేవుని పేరిట ప్రమాణము చేయలేనివారు నిష్ఠతో ధృవీకరించి చెప్పుటకు కూడా చట్టములో మాటలు ఉన్నవి. ఇది మేము పెద్దాయనకు చెప్పినాము. ఆయన, "ఒట్టు సంగతి సరే, తుపాకి సంగతి?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అయినా ఆయన ప్రతి ఆదివారము ఆ పిల్లవాని పేరెత్తి ప్రార్థన చేస్తున్నాడు. ఈ విషయము ఇంటిలో మాట్లాడుకొనవలసినది కొడుకు పేరు ఇచ్చుటకు ముందు. పరేడ్‌కు ముందురోజు కాదు.

సహోదరి చివర అడిగినది, తినడానికి ఏమి తీసుకొని పోవాలని. పిండివంటలు డబ్బాలకొలది చేయవద్దు. వానికి ఉన్నది ఒక్క ట్రంకు పెట్టె, అందులో చోటు ఉండదు. మా అక్క చేసిన అరిసెలు చాలా మట్టుకు తిరిగి అమరచింతకే వచ్చినవి.

మా అమ్మ మాత్రము నాలుగు జొన్నరొట్టెలు, ఇంత పల్లీల కారము గుడ్డలో కట్టి ఒడిలో పెట్టుకొని గోడ ప్రక్కనే కూర్చున్నది. బ్యాండు ఆగిన చాలాసేపటికి గేటు తెరచినారు. ఒకేరకము బట్టలు, ఒకేరకము క్షవరము, ఒకే నడకతో పిల్లలు వస్తున్నారు. ఆమె ఇద్దరు ముగ్గురిని చూచి లేవబోయి కూర్చున్నది. మా వాడే వచ్చి ఎదుట నిలబడి, "అవ్వా" అన్నాడు. ఆమె వాని తల తడిమి చూచినది, వెంట్రుకలు లేవు. మా బావ తన పతకము తీసి ఆమెకు పెట్టబోయినాడు. ఆమె వద్దని, "తిన్నవా బిడ్డా?" అని అడిగినది.

వాడు పొద్దున్నే తిన్నాడు. అయినా అక్కడే నేలమీద కూర్చుండి, ఇస్త్రీ బట్టలు నలుగుతవని వాళ్ళమ్మ మొత్తుకొనుచుండగా, నాలుగు రొట్టెలు తిన్నాడు.