“పాత బండి అంతే తాగుద్ది” అనే మాట ఇక మానేద్దాం

ఈ పోస్టు కొంచెం పెద్దదే. పాత పికప్ బండి ఉన్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ లెక్క వేసి తిట్టండి.

మొన్న టీ కొట్టు దగ్గర మన ఊరి తమ్ముడు ఒకడు బండి అమ్మేస్తున్నా అన్నాడు. ఎందుకురా అంటే, “తొమ్మిది కూడా ఇవ్వట్లేదు అన్నా, డీజిల్ పోయలేక చస్తున్నా, కొత్తది తీసుకుంటా” అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు. “పాత బండి అంతే తాగుద్ది” అని ఒకాయన తీర్పు కూడా చెప్పేశాడు. తొమ్మిది ఇస్తుందని ఎట్లా తెలిసిందిరా అని అడిగా. “అంచనా” అన్నాడు. అంచనా మీద ఎనిమిది లక్షల అప్పుకు సంతకం పెట్టబోతున్నాడు!

మిర్చి టిక్కీ కాటా మీద అర కిలో తేడా వస్తే యార్డులో గొడవకు దిగే మనం, వందకు దగ్గరపడ్డ డీజిల్ దగ్గర మాత్రం అంచనాతో బతుకుతున్నాం. నాకు కోపం బండి మీద కాదు, ఈ అంచనా మీద.

ముందు కొత్త బండి లెక్క చూద్దాం. ఎనిమిది లక్షల అప్పు, పది శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అంటే నెలకు 17 వేల కిస్తీ. ఏడాదికి రెండు లక్షల పైమాటే. నేను ఏడాదికి 18 వేల కిలోమీటర్లు తిప్పుతా. లీటరుకు 9 చొప్పున 2,000 లీటర్లు. కొత్త బండి 14 ఇచ్చిందనే అనుకోండి, 1,286 లీటర్లు. మిగిలేది 714 లీటర్లు, అంటే సుమారు 70 వేలు. డెబ్బై వేలు మిగుల్చుకోవడానికి రెండు లక్షలు కట్టాలా? కొత్త బండి కొనడానికి వేరే కారణాలు ఉండొచ్చు, నేను కాదనను. డీజిల్ కోసం అని మాత్రం చెప్పకండి.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ల కింద నా బండి కూడా 9కి పడిపోయింది. మెకానిక్‌కి చూపిస్తే బానెట్ ఎత్తి పది నిమిషాలు చెవి పెట్టి విని “ఇంజన్ దింపాలి, 65 వేలు అవుద్ది” అన్నాడు. ఒక్క పరీక్ష చెయ్యలేదు. ఇంట్లో ఆమె గాజులు తాకట్టు పెడదామనే దాకా వచ్చింది. ఆమే అంది, “పంటకు తెగులు వస్తే ఆకు తిప్పి చూడకుండా మందు కొడతావా? దీన్ని ఎందుకు చూడవు?” అని. ఆ మాట తగిలింది. ఆ రోజు నుంచి నోటుబుక్కు పెట్టా.

కొలిచే పద్ధతి ఇదీ. ఒకే బంకులో, గన్ను తనంతట తను ఆగేదాకా ఫుల్ ట్యాంకు కొట్టించి మీటరు రాసుకోండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే బంకులో అట్లాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు చేస్తేనే నమ్మాలి. లోడుతో పోయిందా, ఖాళీగా తిరిగిందా పక్కన రాయండి. ఒక సంగతి మర్చిపోవద్దు. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేసుంటే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తది, మైలేజీ ఉన్నదానికంటే తక్కువగా కనబడుద్ది. మీటరు మీద అనుమానం ఉంటే హైవే మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోండి.

బంకు మీద అనుమానమా? అయిదు లీటర్ల కొలపాత్ర అడగండి. అడిగే హక్కు మనకుంది, బంకులో అది ఉండి తీరాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటారు, అది దాటితే తూనికలు కొలతల వాళ్లకు ఫిర్యాదు చెయ్యొచ్చు. నేను అడిగి కొలిపించా, సరిగ్గానే ఉంది. అప్పటిదాకా ఊరంతా ఆ బంకును తిట్టినవాణ్ణే నేను.

తర్వాత ఒక్కొక్కటి చూసుకుంటూ పోయా. దొరికిన దొంగలు వీళ్లు.

మొదటి దొంగ వెనక ఎడమ చక్రం. గుంటూరు నుంచి ఖాళీగా వచ్చి ఇంటి ముందు ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశా. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, నాలుగోదాని దగ్గర చెయ్యి పెట్టలేకపోయా (మీరు చూసేటప్పుడు నేరుగా పట్టుకోవద్దు, కాలుద్ది). జాకీ ఎత్తి తిప్పితే చక్రం తిరగనంటది. లోపల వీల్ సిలిండర్ తుప్పు పట్టి ఇరుక్కుపోయి, బ్రేక్ షూ డ్రమ్మును వదలట్లేదు. ఒక కాలు యాక్సిలరేటర్ మీద, ఒక కాలు బ్రేకు మీద పెట్టి రోజూ యార్డుకు పోతున్నానన్నమాట. ఇది డీజిల్‌తో పోయేది కూడా కాదు. అట్లా వేడెక్కిన బ్రేకు లోడు మీద ఉన్నప్పుడు పట్టకపోతే మనిషే పోతాడు. చదునైన రోడ్డు మీద నెమ్మదిగా పోతూ న్యూట్రల్ చేసి చూడండి. బండి హాయిగా దొర్లాలి. ఎవరో వెనక పట్టుకున్నట్టు ఆగిపోతే ఎక్కడో బ్రేకు పట్టేస్తోందని అర్థం.

రెండో దొంగను చూస్తే మీకు కోపం వస్తది. థర్మోస్టాట్ వాల్వ్. ఇరవై కిలోమీటర్లు పోయినా నా బండి వేడి ముల్లు పైకి లేచేది కాదు. “చల్లగా నడుస్తోంది, ఇంజన్ బంగారం” అని మురిసిపోయేవాణ్ణి. విప్పి చూస్తే వాల్వే లేదు! ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని ఎప్పుడో ఎవరో పీకి పారేశారు. మన పల్లెల్లో ఇది పెద్ద వైద్యం కింద చెలామణి అవుతోంది. అన్నా, ఆ వాల్వ్ పని ఇంజన్ 80 డిగ్రీల పైకి వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపడం. అది లేకపోతే ఇంజన్ చల్లగానే ఉంటది, డీజిల్ సరిగా కాలదు, సిలిండర్లూ తొందరగా అరుగుతాయి. మరి వేడెక్కడానికి కారణమేంది? రేడియేటర్ రెక్కల నిండా దుమ్మూ మిర్చి తొడాలూ. దాన్ని కడగాల్సింది పోయి వాల్వ్ పీకారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ విసిరేసినట్టుంది ఈ వైద్యం.

మూడోది ఎయిర్ ఫిల్టర్. మనం తిరిగేది డొంక దారుల్లో, కల్లాల పక్కన. పట్నం బండికి చెప్పిన గడువు మనకు సరిపోదు. గాలి అందకపోతే డీజిల్ సగం కాలి నల్లపొగై పోతది. ఆ నల్లపొగ మీ డబ్బే.

నాలుగోది టైర్లు. రెండిట్లో గాలి తక్కువ, ముందు టైర్లు ఒక పక్కే అరిగాయి. ఎంత గాలి పెట్టాలో బండి పుస్తకంలో లోడుకు వేరే, ఖాళీకి వేరే ఉంటది. కాలితో తన్ని చూసి “బాగానే ఉంది” అనేది కొలత కాదు. టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూడాలి.

అయిదోది పంపు. పాత బండ్లకు “కొంచెం పంపు పెంచి ఇస్తా, పికప్ బాగుంటది” అనే మెకానిక్కులు ఉన్నారు. వద్దని చెప్పండి. డీజిల్ పెరిగినంత మాత్రాన గాలి పెరగదు, పొగ పెరుగుద్ది. పంపు షాపులో నాజిళ్ల ప్రెషర్ చూపించి, సెట్టింగు సరిచేయించండి. దాంతోపాటు రిటర్న్ పైపుల దగ్గర తడి ఉందేమో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తూ బండి కదలకుండా క్లచ్ జారుతోందేమో కూడా చూసుకోండి.

మొత్తం ఖర్చు 8,600. ఇప్పుడు లోడుతో, ఖాళీతో కలిపి నా బండి 12 ఇస్తోంది. మా ఊరి నుంచి యార్డుకు రానూపోనూ 144 కిలోమీటర్లు. 16 లీటర్లు తాగేది ఇప్పుడు 12 తాగుతోంది. ఏడాదికి 500 లీటర్లు మిగులు, 48 వేల పైనే. గాజులు చేతికే ఉన్నాయి. ఇంజన్ దింపలేదు.

అట్లాగని ఇంజన్ ఎప్పుడూ పాడవదని కాదు. నీలిపొగ వస్తూ, వారం వారం ఆయిల్ పోయాల్సి వస్తుంటే ఇంజన్ పని తప్పదు. కానీ అప్పుడు కూడా కంప్రెషన్ చూసి చెప్పమనండి. చెవి పెట్టి విని చెప్పే 65 వేల మాటకు తల ఊపొద్దు. చాసిస్ తుప్పు తినేసిన బండిని పట్టుకుని వేలాడమనీ నేను చెప్పను.

ఇంకో బ్యాచ్ ఉంది. డీజిల్ పైపుకు అయస్కాంతం కట్టు, ట్యాంకులో ఈ సీసా పొయ్యి, మైలేజీ రెట్టింపు అని ఫోన్లలో వీడియోలు తిప్పేవాళ్లు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇట్లాంటి పరికరాలు వందకు పైగా పరీక్షించి, చెప్పుకోదగ్గ లాభం ఇచ్చేది కనబడలేదని తేల్చింది. అయస్కాంతానికి పెట్టే డబ్బు ఎయిర్ ఫిల్టర్‌కు పెట్టండి.

చివరిగా మన సంగతి. పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ ఏళ్లుగా చెప్పేది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మంచిదని. మన పిల్లలు ఖాళీ బండిని 80లో తోలుతారు. యార్డు లైనులో గంటలు గంటలు ఇంజన్ ఆపకుండా పాటలు వింటారు. నిలబడ్డ బండి గంటకు అర లీటరు అటూ ఇటూగా తాగుద్ది. పోతే ఓవర్‌లోడు. ముప్పై టిక్కీల బండికి నలభై అయిదు ఎక్కిస్తే ఆ ట్రిప్పుకు డీజిల్ కలిసొచ్చినట్టే ఉంటది, నేనూ చేశాను. తర్వాత బ్రేకులూ క్లచ్చూ కమాన్ పట్టీలూ టైర్లూ ఆ లెక్క తిరిగి వసూలు చేస్తాయి. పట్టుబడితే చట్టం ప్రకారం 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో రెండు వేలు.

ఆ తమ్ముడికి ఒకటే చెప్పా. “నెల ఆగు. మూడు ట్యాంకులు లెక్క రాయి. నాలుగు చక్రాలు జాకీ ఎత్తి తిప్పు. అప్పటికీ 9 వస్తే నేనే నీతో షోరూముకు వస్తా.” నిన్న ఫోన్ చేశాడు. వాడి బండికీ థర్మోస్టాట్ వాల్వ్ లేదంట.

మీ బండికి ఉందా? ఎండ ఎక్కకముందే రేపొద్దున ఒకసారి చూసుకోండి. నోటుబుక్కు పది రూపాయలు. దాన్ని బండిలోనే పెట్టండి.