దీవి మీదికి ఓరుగల్లు దండు

వరంగల్లు నుంచి సముద్రపు ఒడ్డు సుమారు 250 కిలోమీటర్ల దూరం. అక్కడ చెరువులున్నాయి, కోట చుట్టూ కందకం ఉన్నది, కాని అలలు లేవు. ఆ వరంగల్లుకు దగ్గరలోనే కొండపర్తి అనే పల్లె ఉన్నది. అక్కడ 1203వ సంవత్సరం నాటి శాసనం ఒకటి దొరికింది. దాన్ని వేయించినవాడు మల్యాల చౌండుడు. కాకతి గణపతిదేవుని సేనానులలో ఒకడు. ఇతనికి ఒక వింత బిరుదు ఉండేది: “దీవిచూఱకాఱ.” చూఱ అంటే దోపిడి. దీవిని కొల్లగొట్టినవాడు అని ఆ బిరుదుకు అర్థం. ఈ రోజుల్లో అలా పిలిస్తే పోలీసులు వస్తారు. ఆ రోజుల్లో అది గొప్ప!

సముద్రమెరుగని ఊరి సేనాని దీవిని ఎలా కొట్టాడు? అది తెలియాలంటే ముందు ఆ దీవి ఎక్కడున్నదో చూడాలి. మీ అట్లాసులో కృష్ణానది వెంబడి వేలు పెట్టి తూర్పుకు రండి. విజయవాడ దాటి ఇంకా కిందికి వస్తే, పులిగడ్డ దగ్గర నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ, సముద్రానికీ నడుమ చిక్కుకున్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, హంసలదీవి అక్కడి ఊళ్ళు. ఇప్పుడు పులిగడ్డ, పెనుమూడి మధ్య పెద్ద వంతెన ఉన్నది. దాన్ని 2006లో తెరిచారు. బస్సులో కిటికీ పక్కన కూచుని పల్లీలు నములుతూ దివిసీమలో దిగవచ్చు.

1203 నాటికి వంతెన ఎక్కడిది? దీవిని అయ్య వంశంవారు ఏలుతున్నారు. అప్పటి ప్రభువు పేరు పిన్నచోడి. చుట్టూ కోటగోడ కట్టుకోవలసిన పని ఆయనకు లేదు. ఒకవైపు సముద్రం, రెండు వైపుల ఏటి పాయలు, వాటి అంచున మడ అడవులు, బురద. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పాయలలోకి ఎగదన్నుతుంది. పాటు వచ్చినప్పుడు వెనక్కి లాగుతుంది. పొద్దున పడవ తేలినచోటు సాయంత్రానికి బురద కావచ్చు.

గణపతిదేవుడు గద్దెనెక్కి అప్పటికి నాలుగేళ్ళే. తీరాంధ్రాన్ని తన ఏలుబడిలోకి తెచ్చుకోవాలని దండు నడిపాడు. నేల మీద అతని సేనకు ఎదురులేదు. కాని ఏటి ఒడ్డుకు వచ్చాక గుర్రానికైనా, ఏనుగుకైనా, మనిషికైనా ఒకటే చిక్కు.

ఆ చిక్కేమిటో మీరే పరీక్షించి చూడవచ్చు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళున్న చోట దిగి పరుగెత్తబోండి. అడుగు ముందుకు పడదు. నీరు గాలి కన్న సుమారు 800 రెట్లు చిక్కన. అంత నీటిని కాళ్ళతో పక్కకు తోసుకుంటూ పోవాలి మరి. ఇప్పుడు ఒంటి మీద తడిసిన బట్టలు, చేతిలో కత్తీ డాలూ, కాళ్ళ కింద బురద, ఎదురుగా ఒడ్డు మీద విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డవాళ్ళు ఉన్నారనుకోండి. వాళ్ళు నిలకడగా గట్టినేల మీద ఉన్నారు, మీరు లేరు. ఏరు ఎంత వెడల్పున్నా సరే, ప్రాణాలు పోయేది ఆ చివరి వంద అడుగులలోనే.

కప్పను ఉభయచరం అంటారని సైన్సు మాస్టారు చెప్పే ఉంటారు. నీళ్ళలోనూ బతుకుతుంది, నేల మీదా బతుకుతుంది. పడవలలో వచ్చి ఒడ్డున దిగి చేసే యుద్ధాన్ని కూడా అందుకే ఉభయచర యుద్ధం అంటారు. మనిషి పుట్టుకతో కప్ప కాడు. నేర్చుకోవలసిందే. పడవ నడిపేవాడికి యుద్ధం రాదు, యుద్ధం చేసేవాడికి పడవ ఊగితే కడుపులో తిప్పుతుంది. ఈ ఇద్దరినీ ఒకే మనిషిలో కలపడానికి లోకంలో చాలా దేశాలు చాలాకాలం తంటాలు పడ్డాయి.

గ్రీకుదేశంలో ఎథెన్సువారి యుద్ధనావలో తెడ్లు వేసేవాళ్ళే 170 మంది ఉండేవారు. వారితో పాటు ఆయుధాలు ధరించిన సైనికులు కొద్దిమందిని నావమీద ఎక్కించేవారు. వాళ్ళ పేరు “ఎపిబటై”, అంటే నావ ఎక్కినవాళ్ళు. క్రీస్తుకు పూర్వం 480లో పారశీకులతో సలామిస్ దగ్గర గొప్ప నౌకాయుద్ధం జరిగింది. అక్కడి జలసంధిలో ఒక చిన్న లంక ఉన్నది. పారశీకులు ముందుగానే తమ సైనికులను దాని మీద దింపి ఉంచారు. యుద్ధం తమవైపు తిరగగానే అరిస్టైడిస్ అనే ఎథెన్సు నాయకుడు సలామిస్ ఒడ్డున ఉన్న కాల్బలాన్ని ఆ లంక మీదికి చేర్చి, పారశీకులను హతమార్చాడు.

రోమనులది ఇంకో తమాషా. వాళ్ళు నేలమీద వీరులు, నీటిమీద కొత్తవాళ్ళు. కార్తేజివారేమో సముద్రంలో ఆరితేరినవాళ్ళు. ఎలా గెలవడం? రోమనులు తమ నావ ముందు భాగాన 36 అడుగుల పొడవున్న చెక్కవంతెన అమర్చారు. దాని కొనకు కాకి ముక్కులాగ ఇనుప మేకు. శత్రునావ దగ్గరకు రాగానే వంతెనను ధడాలున పడవేస్తే, ఆ ముక్కు అవతలి నావ బల్లలో దిగబడి రెండు నావలూ అతుక్కుపోయేవి. దాని మీదుగా సైనికులు దూకేవారు. అంటే సముద్రయుద్ధాన్ని వాళ్ళు నేలయుద్ధంగా మార్చివేశారన్నమాట! క్రీస్తుకు పూర్వం 260లో మైలే దగ్గర ఈ ఉపాయంతోనే గెలిచారు.

మన దేశంలో తంజావూరు రాజేంద్రచోళుడు 1025లో సముద్రం దాటి శ్రీవిజయం మీదికీ, కడారం మీదికీ నావల్లో సేనను పంపాడు. కడారం ఇప్పటి మలేషియాలోని కెడా. ఈ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవే మన రాజరాజనరేంద్రుని భార్య. నన్నయ భారతం రాసింది ఈ రాజరాజు కోరితేనే.

నావల్లో యుద్ధం చెయ్యడానికే వేరుగా పటాలాలు ఏర్పడటం మాత్రం తరువాతి సంగతి. ఇటువంటి దళాలలో స్పెయిన్‌దే అన్నిటికన్న పాతదంటారు. అది తన పుట్టుక 1537 నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఇంగ్లాండులో 1664లో 1,200 మందితో మొదలుపెట్టారు. అమెరికాలో 1775లో. ఇంగ్లీషులో వీరినే మెరీన్లు అంటారు.

ఇక మన దీవికి వద్దాం. ఓరుగల్లు దండు పాయ దాటింది, దీవి చిక్కింది, చౌండుడికి బిరుదు దక్కింది. మీరు ఆ దీవిలో పిల్లలయి ఉంటే ఆ బిరుదు మీ చెవులకు ఎలా వినిపించేదో ఒక్కసారి తలుచుకోండి. దోచుకున్నవి మీ ఇళ్ళే.

అయితే గణపతిదేవుడు అంతటితో ఊరుకోలేదు. దీవిని అయ్య వంశంవారికే తిరిగి అప్పగించాడు. పిన్నచోడి కూతుళ్ళు నారాంబను, పేరాంబను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ సోదరుడు జాయపను తన కొలువుకు తీసుకువెళ్ళాడు. ఆ అమ్మాయిల ఇష్టం ఎవరూ అడిగి ఉండరనుకుంటాను. ఆ కాలపు రాజులు పెళ్ళిళ్ళను కూడా కోటలను పట్టినట్లే పట్టేవారు. కాని రాజు లెక్క ఏమిటో నాకు కొంత బోధపడుతుంది. దండు ఒకసారి పాయ దాటగలదు. ఏటేటా దాటుతూ కూచోలేదు. ఎక్కడ లోతో, ఎప్పుడు పోటో, ఏ ఇసుకమేట నిరుటి చోటు నుంచి జరిగిందో తెలిసినవాళ్ళు దీవివాళ్ళే. వాళ్ళు శత్రువులుగా ఉన్నంతకాలం దీవి దక్కనట్లే.

నీటి అంచున పుట్టిన ఆ జాయప ఓరుగల్లులో ఏమయ్యాడో తెలుసా? ఏనుగుల సేనకు అధిపతి! గజసాహిణి అన్నది అతని పదవి. పైగా నాట్యశాస్త్రంలో దిట్ట. “నృత్తరత్నావళి” అనే గొప్ప సంస్కృత గ్రంథం రాశాడు. తన దీవిని మరిచిపోలేదు. అక్కడ రాజు పేరు మీదుగా గణపేశ్వరాలయం కట్టించి, 1231లో శాసనం వేయించాడు. ఆ ఊరు ఇప్పటికీ గణపేశ్వరమే.

గణపతిదేవుడు నీటి విలువ తెలుసుకున్నాడనడానికి ఇంకో సాక్ష్యం చీరాలకు దక్షిణాన మోటుపల్లిలో ఉన్నది. అక్కడ రాతిస్తంభం మీద 1244 నాటి అభయశాసనం ఉన్నది. గాలివానకు ఓడ దారితప్పి ఎవరి తీరానికి కొట్టుకొస్తే ఆ రాజు అందులోని సరుకంతా లాక్కోవడం అంతకుముందు ఆచారం. ఏనుగులు, గుర్రాలు, బంగారం, ఏవైనా సరే. ఇకమీదట అలా చెయ్యము, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాము అని ఓడవర్తకులకు గణపతిదేవుడు ఆ రాతిమీద మాట ఇచ్చాడు. సుంకం ముప్ఫైలో ఒక వంతు. చౌండుడి బిరుదుకూ ఈ శాసనానికీ మధ్య 41 ఏళ్ళు. సేనాని చూఱ గొప్పగా చెప్పుకుంటే, రాజు చూఱ మాన్పించాడు. నన్నడిగితే చౌండుడు గెలిచినదాని కన్న ఇదే పెద్ద గెలుపు.

ఇప్పటి సంగతి కూడా ఒకటి రెండు మాటలు చెబుతాను. కాలం మారినా ఆ చివరి వంద అడుగుల చిక్కు పోలేదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం ముగిసే రోజుల్లో కాక్స్ బజారు దగ్గర మన సైనికులను ఓడల నుంచి ఒడ్డున దింపబోయారు. ఓడ ఒడ్డుకు దూరంగానే ఇసుకమేటకు తట్టుకుని ఆగింది. లోతు తక్కువే అనుకుని ముందుగా దిగినవాళ్ళు లోతైన నీటిలో పడ్డారు. వారిలో కొందరు మునిగిపోయారు. ఎదురుగా శత్రువు లేడు, తుపాకి పేలలేదు. నీరే చంపింది.

ఈ చిక్కు తప్పించడానికి ఇప్పుడు వేరే ఉపాయాలున్నాయి. విశాఖపట్నంలో “జలాశ్వ” అనే యుద్ధనౌక ఉన్నది. దీన్ని అమెరికా నుంచి కొన్నాము; 2007లో మన నౌకాదళంలో చేరింది. పొడవు 170 మీటర్ల పైచిలుకు. దీని వెనకభాగాన పెద్ద తలుపు ఉన్నది. ఒడ్డుకు దూరంగా ఆగి, తన కడుపులోకి తానే నీరు నింపుకుని, వెనకభాగం కొంచెం మునిగేలా చేసుకుంటుంది. లోపలున్న చిన్న పడవలు తేలుతాయి. సైనికులతోనూ, బండ్లతోనూ ఆ పడవలు తలుపు గుండా బయటికి వచ్చి, తక్కువ లోతులో ఒడ్డుదాకా పోతాయి. 2019లో మన సేనలూ అమెరికా సేనలూ కలిసి కాకినాడ ఒడ్డున ఇటువంటి దింపుడే సాధన చేశాయి.

మోటుపల్లి రేవులో గుర్రాలను ఓడ నుంచి ఎలా దింపేవారు, అవి ఓరుగల్లు దాకా ఎలా వచ్చేవి? ఆ కబుర్లు వచ్చే నెలలో.