తెరుచుకున్నంత మాత్రాన తిరిగొచ్చినట్టు కాదు

డేటాబేస్ బ్యాకప్ తెరుచుకోని రోజున ఏ ఆఫీసులోనైనా వినిపించే మాట ఒకటే: “ఎలాగోలా తెరిపించండి.” మేనేజరు అదే అంటాడు, క్లయింటూ అదే అంటాడు. రిపేర్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు సరిగ్గా ఆ మాటనే ప్రకటనగా మార్చి అమ్ముకుంటున్నారు. ఫైలు తెరుచుకుంటే డేటా చేతికొచ్చినట్టేనని అందరి నమ్మకం. ఆ నమ్మకం తప్పు. తప్పే కాదు, ప్రమాదం కూడా. తెరుచుకోని బ్యాకప్ చేసే నష్టం అదే రోజు తెలిసిపోతుంది. బలవంతాన తెరిపించిన బ్యాకప్ చేసే నష్టం ఏళ్లు గడిచినా బయటపడకపోవచ్చు.

అసలు తెరుచుకోని ఫైలంటే చెడిపోయిన ఫైలే అనుకోవడం దగ్గరే దారి తప్పుతున్నాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ 3169 నంబరు ఎర్రర్ చూపిందంటే, కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్ మీద ఎక్కించబోతున్నారని అర్థం. ఫైలుకు ఏ రోగమూ లేదు. 33111 చూపిందంటే, ఎన్‌క్రిప్షన్‌కు వాడిన సర్టిఫికెట్ ఈ సర్వర్‌లో లేదని అర్థం. పాత సర్వర్ నుంచి ఆ సర్టిఫికెట్‌నూ దాని ప్రైవేట్ కీనీ తెచ్చుకుంటే పని అయిపోతుంది. అవి ఎక్కడా దాచుకోకపోతే ఏ టూలూ ఏమీ చేయలేదు, చేయగలనని చెప్పేవాడి మాట నమ్మొద్దు. ఇక 3241 ఫైలు నిర్మాణమే సరిగా లేదంటుంది. అప్పుడైనా ముందు చూడాల్సింది మూల సర్వర్‌లోని ఫైలు సైజు. కాపీ మధ్యలో ఆగినా, ఎఫ్‌టీపీలో బైనరీ బదులు టెక్స్ట్ మోడ్‌లో పంపినా ఫైలు పాడవుతుంది, అసలు ఫైలు మాత్రం అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డంప్ అయితే చివరి లైను చూడాలి. మామూలుగా అక్కడ డంప్ పూర్తయిందని ఒక వ్యాఖ్య ఉంటుంది. అది లేదంటే డంప్ మధ్యలోనే తెగిపోయిందని అనుమానించాలి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. ఎర్రర్ మెసేజ్‌ను పూర్తిగా చదవకుండానే రిపేర్ టూల్ కొనడానికి పరుగెత్తడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

నిజంగానే చెడిపోయిన ఫైళ్లూ ఉంటాయి. నా గొడవంతా అక్కడే. ఎర్రర్ వచ్చినా ఆగకుండా రీస్టోర్ చేయమని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు చెప్పొచ్చు. అలా ఎక్కించిన డేటాబేస్‌ను చెక్‌డీబీ కమాండ్‌తో బాగుచేయొచ్చు. అందుకు వాడే ఆప్షన్ పేరే ‘రిపేర్ అలౌ డేటా లాస్’. డేటా పోయినా ఫర్వాలేదని మనమే రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాం. సరిచేయలేని పేజీని అది డేటాబేస్ నుంచి తీసి పారేస్తుంది. పేజీ అంటే 8 కిలోబైట్లు. రికార్డు 200 బైట్లయితే ఒక పేజీతో దాదాపు 40 మంది వివరాలు పోతాయి. టేబుళ్ల మధ్య ఉన్న ఫారిన్ కీ సంబంధాలను ఈ రిపేర్ పట్టించుకోదు. బిల్లు ఉంటుంది, ఆ బిల్లు ఎవరిదో చెప్పే రికార్డు ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో ‘జీరో డ్యామేజ్డ్ పేజెస్’ అనే సెట్టింగ్ ఉంది. పాడైన పేజీని సున్నాలతో నింపుకుని ముందుకు సాగుతుంది, ఆ పేజీలో బాగున్న రికార్డులనూ కలిపి పోగొడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీకి 1 నుంచి 6 దాకా మెట్లున్నాయి. 4 గానీ అంతకు పైమెట్టు గానీ వాడితే డేటా ఫైళ్లు శాశ్వతంగా చెడిపోవచ్చని మాన్యువలే హెచ్చరిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్లను తయారుచేసినవాళ్లు ఏదీ దాచలేదు. దాస్తున్నది మధ్యలో ఉన్న మనం.

ఒక ఆస్పత్రి డేటాబేస్‌ను ఇలా తెరిపించారనుకోండి. అప్లికేషన్ నడుస్తుంది, రిపోర్టులు వస్తాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఒక రోగికి పెనిసిలిన్ పడదని రాసి ఉన్న రికార్డు ఆ పోయిన పేజీలో ఉంటే? డాక్టర్ స్క్రీన్ మీద ఎర్రర్ రాదు. అలర్జీ గడి ఖాళీగా కనిపిస్తుంది, అంతే. ఫైలు తెరుచుకోకపోయి ఉంటే ఆ డాక్టర్ రోగినే అడిగి తెలుసుకునేవాడు.

ఏమీ లేనిదానికంటే కొంతైనా దక్కడం మేలు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొంతైనా దక్కించుకోవాలి, అందులో నాకు పేచీ లేదు. పోస్ట్‌గ్రెస్ కస్టమ్ ఫార్మాట్ బ్యాకప్‌లో విషయసూచిక ఉంటుంది, దాని ఆధారంగా బాగున్న టేబుళ్లను ఒక్కొక్కటిగా బయటికి లాగొచ్చు. ఎంతో ఓపిక కావాల్సిన పని అది, చేసేవాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆ దక్కినదాన్ని వేరే డేటాబేస్‌లో పెట్టి, ఏది పోయిందో రాసి, కాగితాలతో, బ్యాంకు స్టేట్‌మెంట్లతో, పాత రిపోర్టులతో సరిచూసుకోవాలి. తెరుచుకుంది కదా అని దాన్నే తీసుకెళ్లి ప్రొడక్షన్ సర్వర్‌లో కూర్చోబెట్టడానికే నా అభ్యంతరం.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థకు జరిగింది ఈ రంగంలో చాలామందికి తెలుసు. ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోని డైరెక్టరీనే చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే స్టోరేజీ ఖాళీగా ఉంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 మీద నడుస్తుంటే బ్యాకప్ ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌తో ప్రయత్నించి రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి వేరే పని కోసం దాదాపు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆదుకుంది. బ్యాకప్‌ను పరీక్షిస్తూ ఉండాలనే పాఠం కోసం ఈ ఉదంతాన్ని అందరూ చెబుతారు. నేను వాళ్లను మెచ్చుకునేది ఆ తర్వాత చేసినదానికి. ఏ గంట నుంచి ఏ గంట దాకా డేటా పోయిందో ప్రకటించారు. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయని లెక్క చెప్పారు. పోయినదానికి హద్దు గీశారు కాబట్టే మిగిలినదాన్ని జనం నమ్మగలిగారు.

అమీర్‌పేటలో డీబీఏ కోర్సులు చదివి దేశవిదేశాల్లో సర్వర్లు చూసుకుంటున్న మన పిల్లలు ఎందరో. అర్ధరాత్రి ఫోన్ మోగితే “తెరిపించావా లేదా” అనే ప్రశ్న ముందుగా పడేది వాళ్ల మీదే. రిపేర్ కమాండ్ కొట్టి నిద్రపోవడం తేలిక. ఇంత పోయిందని పైవాళ్లకు చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి ఆఫీసు అండ కావాలి. అందుకే నా కోపం ఆ కుర్రాళ్ల మీద కాదు, అలాంటి ప్రశ్న వేసేవాళ్ల మీద.

వాళ్లు అడగాల్సినవి వేరే ఉన్నాయి. రిపేర్‌కు ముందు చెడిన ఫైలును ముట్టుకోకుండా కాపీ తీసి పక్కన పెట్టారా? ఏ టేబుల్‌లో ఎన్ని రికార్డులు ఉండాలి, ఎన్ని వచ్చాయి? ఏ పేజీలు తీసేశారు? తెగిపోయిన సంబంధాలు ఎన్ని? పోయిన రికార్డుల తాలూకు మనుషులకు కబురు చేసే బాధ్యత ఎవరిది? రికవరీ కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ జవాబులన్నీ లిఖితంగా ఇవ్వాలని షరతు పెట్టాలి. ఆ నివేదిక చేతికి రాకముందు బిల్లు చెల్లించకూడదు.