ఏడుపు భీంకు, ఆలోచన రామ్‌కా?



ఈ ఆశ్వయుజ పౌర్ణమికి మన హాస్టల్‌లో భీం వర్ధంతి చేద్దామని అందరం అనుకున్నం. మొన్న మీటింగ్‌లో ప్రోగ్రాం లిస్టు రాస్తుంటే మొట్టమొదట పడ్డది ఏంది? ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీంను కొరడాతో కొట్టే సీన్, ఆ పాటకు యాక్షన్. తాళ్లు ఎవరు తేవాలె, ఎర్ర రంగు ఎంత కలపాలె అనేది కూడా తేలిపోయింది. మా రూమ్‌ నలుగురం వద్దన్నం. “ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన సినిమా, మీకేం రోగంరా” అన్నరు. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయినం. అందుకే ఇక్కడ రాస్తున్నం. పొడుగైనా చివరిదాకా చదవండి.

ముందు ఒకటి ఒప్పుకుంటం. 2022 మార్చిలో ఆ సినిమా వచ్చినప్పుడు మేం ఇంటర్‌లో ఉన్నం. బస్సెక్కి టౌన్‌కు పోయి చూసినం. పులి ముందు భీం నిలబడితే ఈలలు వేసినం. కొరడా సీన్‌కు ఏడ్చినం. అంత పెద్ద తెర మీద భీం పేరు వినడం మాకు అదే మొదలు. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన ‘కొమరం భీమ్’ థియేటర్‌కు రావడానికి 2010 దాకా పట్టింది. అట్లాంటి చోట రాజమౌళి గారు మన భీంను ఇంటింటికీ తెలిసేటట్టు చేసిండు. ఆ మేలు లేదనం. ఆ రోజు మా ఏడుపు కూడా అబద్ధం కాదు.

మా పేచీ వేరే. ఎవరు ఏడవాలె, ఎవరు ఆలోచించాలె అని డైరెక్టర్ ముందే పంచిపెట్టిండు. ఆ పంపకం మీద మా పేచీ.

ఫైట్ వెనక ఎమోషన్ లేకపోతే ఫైట్ నిలబడదని ఆయన చాలాసార్లు చెప్పిండు. ఈ సినిమాకు ఎమోషన్ ఎట్ల పెట్టిండో 2020లో వచ్చిన మోషన్ పోస్టర్‌లోనే ఉంది. రామ్ నిప్పు, భీం నీళ్లు. నిప్పు అంటే లోపల మండే లక్ష్యం. నీళ్లు అంటే మెత్తని మనసు, ప్రేమ, అమాయకత్వం. వినడానికి ఇద్దరూ సమానమే అనిపిస్తది. సీన్లు ఒక్కొక్కటి పట్టి చూడండి.

రామ్ కోపానికి ఒక చరిత్ర ఉంది. ఊరు ఉంది, తండ్రి ఉన్నడు, ఇచ్చిన మాట ఉంది, ఊరోళ్ల చేతికి తుపాకులు అందించాలనే లెక్క ఉంది. భీం కోపానికి ఏముంది? ఎత్తుకపోయిన ఒక చిన్న పాప. పాప కోసం పోవడం తక్కువ పని అనం. కానీ భీం కథలో ఉండాల్సిన పోడు, ఫారెస్టోళ్ల జులుం, పశువుల మేతకు పన్ను, కేసులు, ఇవేవీ లేవు. భీం కొట్లాడింది నిజాం సర్కారుతోని. సినిమాలో నిజాం మనిషి వచ్చి, గోండులు అమాయకులు, వాళ్లకొక కాపరి ఉంటడు జాగ్రత్త అని తెల్లదొరకు చెప్పిపోతడు. పన్నెండు గూడేల మీద రాజ్యం మాదేనన్న మనిషిని మంద కాసే కాపరిని చేసిండ్రు.

కొరడా సీన్‌కే వద్దాం. భీం మోకాలు వంచడు. అది మాకూ గర్వమే. జనం తిరగబడతరు. కానీ ఆ తర్వాత దాని అర్థం ఎవరు చెప్తరు? రామ్. తుపాకులు చేయలేని పని ఒక పాట చేసిందని ఆయనకు తెలుస్తది. రక్తం కార్చింది భీం, దాని నుంచి పాఠం తీసింది రామ్. కొంచెం పోతే రామ్ పెద్ద లక్ష్యాన్ని తెలుసుకోలేకపోయిన అని భీమే బాధపడతడు. ఇంకొంచెం పోతే రామ్‌ను భుజాల మీద మోస్తడు. ఆఖరికి ఏం కావాలని రామ్ అడిగితే చదువు అడుగుతడు. జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసేది కూడా రామే.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మన ఇండ్లల్లో, మన జెండాల మీద, జోడేఘాట్‌లో తరతరాలుగా భీం మాట అని చెప్పుకునే ఆ మూడు మాటలు సినిమాలో ఇంకొకరి చేతిరాత అయినయి.

“అది కల్పిత కథ, ఆయన ముందే చెప్పిండు కదా” అంటరు. చెప్పిండు. 2019 ప్రెస్‌మీట్‌లో ఆయన అన్నదేమంటే, ఇద్దరూ యవ్వనంలో ఇల్లు విడిచి పోయిండ్రు, ఆ ఏండ్లలో ఏం జరిగిందో తెల్వదు, ఆ ఖాళీలో నేను ఊహించుకున్న అని. మన పెద్దల దగ్గర ఆ ఖాళీ లేదు. సుర్దాపూర్ గొడవ తర్వాత భీం చాందాకు పోయిండు, అక్కడ ప్రెస్ నడిపే విఠోబా దగ్గర పని చేసుకుంట చదవడం, రాయడం నేర్చుకున్నడు, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసిండు, అక్కడ కూలీల కష్టం చూసి తిరిగొచ్చి గూడేలను ఒక్కటి చేసిండు అని చెప్తరు. మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథ ఇదే. అంటే భీం అక్షరాలు నేర్చుకున్నడని మనం చెప్పుకునే ఏండ్లు తీసుకొని, వాటిలో అక్షరం కోసం ఇంకొకరి ముందు నిలబడ్డ భీంను పెట్టిండ్రు. కల్పన తప్పు కాదు. కల్పన ఎప్పుడూ ఒకవైపే ఎందుకు ఒరుగుతదనేదే మా ప్రశ్న.

2020 టీజర్‌లో భీం టోపీ పెట్టుకున్నడని ఎంత లొల్లి అయిందో గుర్తుందా? టోపీ మీద అంత మాట్లాడినోళ్లు ఈ పెన్ను గురించి ఎంత మాట్లాడిండ్రు?

“సినిమాకు ఇంత అవసరమా” అనేటోళ్లకు మాకు జరిగింది ఒకటి చెప్తం. పోయిన ఏడు స్కాలర్‌షిప్ పైసలు ఆగితే మేం ఆరుగురం ఒక ఆఫీసుకు పోయినం. జీవో నంబర్ వేసి, తేదీలు వేసి, దరఖాస్తు మేమే రాసుకొని పోయినం. అక్కడి సారు అది చదివి మమ్మల్ని కిందికి మీదికి చూసి, “మీరు అమాయకులు, ఇది మీకు ఎవరు నేర్పిండ్రు?” అన్నడు. అదే మేం చేతులు కట్టుకొని ఏడ్చుకుంట నిలబడితే పాపం అనేటోడేమో. కాగితం పట్టుకొని అడిగేసరికి వెనక ఎవరో ఉన్నరని అనుమానం. పోడు పట్టాల కోసం మన పెద్దలు 2006 చట్టం పేరు చెప్పి అడిగినా ఇదే మాట వస్తది, ఎవరు నేర్పిండ్రు అని. ఆ సారు సినిమా చూసి చెడిపోయిండని మేం అనం. సినిమా రాకముందు నుంచే ఆ చూపు ఉంది. కానీ మూడు గంటల సినిమా ఆ చూపును కదిలించలేదు, దానికి మంచి సంగీతం కట్టింది.

డైరెక్టర్‌కు నీళ్లంటే ఒక స్వభావం. భీంకు నీళ్లంటే హక్కు. మొదటి మాటే జల్. మెత్తగా ఉండాలని ఆయన ఆ మాట అనలేదు, మా వాగు మాది అని అన్నడు.

అందుకే ఈసారి స్టేజీ మీద కొరడా వద్దంటున్నం. చాందా ప్రెస్‌లో భీం అక్షరాలు కూడబలుక్కునే సీన్ చేద్దాం. పన్నెండు గూడేల పెద్దలు కూసొని కొట్లాటకు సిద్ధమయ్యే రాత్రి చేద్దాం. 1940 జోడేఘాట్ చేద్దాం, ఆయనతోపాటు పడిపోయినోళ్లను కూడా తలుచుకుందాం. ఇంటికి పోయినప్పుడు మీ ఊరి ముసలోళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొని రండి. గోండి వచ్చినోళ్లు గోండిలోనే మాట్లాడండి, రానోళ్లకు మేం పక్కన నిలబడి చెప్తం. చూసేటోళ్లకు ఏడుపు వస్తే రానీయండి. కానీ జాలితో ఇంటికి పోవద్దు.

జెండా మీద మూడు మాటలు రాసే సీన్ కూడా పెడదాం. పెన్ను మాత్రం భీం చేతిలోనే ఉంటది.

ఆదివారం రాత్రి భోజనాలైనంక మళ్లీ మీటింగ్. ఇది చదివి ఒప్పుకున్నోళ్లు రండి. చదివి మా మీద కోపం వచ్చినోళ్లు తప్పకుండా రండి.

జోహార్ కొమురం భీం.