మొక్కు ఉంటేనే గుట్ట ఎక్కాలా?

మన దిక్కు ఆడవాళ్లు గుట్టలు ఎక్కలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టుకు అమావాస్య నాడు ఒక్కసారి పోయి చూడండి. చంకలో పిల్ల, నెత్తిన మూట, చేతిలో కొబ్బరికాయల సంచితో ఎక్కేది ఎవరు? ఆడవాళ్లే. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గాకు ఉర్సు రోజుల్లో హిందువులూ ముస్లింలూ అందరూ ఎక్కుతారు. పాలమూరు వైపు మన్యంకొండ, కురుమూర్తి, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం, ఎక్కడ చూసినా ఇదే. చైత్ర పున్నమికి నల్లమలలో సలేశ్వరం దారి తెరిస్తే, రాళ్లల్లో లోయలోకి దిగి, మళ్లీ అంతా ఎక్కి వచ్చేవాళ్లలో అరవై దాటిన అమ్మలు కూడా ఉంటారు.

ఆ అమ్మలే ఆదివారం పూట పిల్లలను తీసుకుని భువనగిరి ఖిల్లాకు వస్తే మాత్రం, కింద నీడ ఎక్కడుందా అని వెతికి చద్దరు పరుస్తారు. "మీరు పోయి రాండ్రి, మేం సామాన్లు చూసుకుంటం" అంటారు. పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు, పిల్లలు విప్పి పడేసిన స్వెట్టర్లు, మగవాళ్ల బండి తాళాలు, అన్నీ వాళ్ల ఒళ్లోకి వచ్చి చేరతాయి. రెండు గంటల తర్వాత దిగివచ్చినవాళ్లకు వడ్డించి, ఫోన్లో ఫోటోలు చూసి "మంచిగుంది" అనుకుంటూ ఇంటికి వస్తారు. ఫోటోల్లో వాళ్లు ఉండరు.

దీనికి మోకాళ్ల నొప్పులు కారణం కాదని నా అభిప్రాయం. అవే మోకాళ్లతో మొన్ననే గట్టు ఎక్కారు కదా! అసలు సంగతేమిటంటే, దేవుడి కోసం, పిల్లల కోసం, ఇంటాయన ఆరోగ్యం కోసం అయితే ఎంత ఎత్తైనా ఎక్కుతాం. మన కోసం, ఊరికే, చూడాలనిపించి ఎక్కాలంటే పది మెట్లు కూడా ఎక్కువే అనిపిస్తాయి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

మా ఇంట్లో నన్నూ అడిగారు. ఆ ఆదివారం నేను కూడా బూట్లు వేసుకుంటుంటే మా అత్తమ్మ వింతగా చూసి, "పైన ఏ దేవుడున్నడే?" అన్నది.

"ఏ దేవుడూ లేడత్తమ్మా. గాలి బాగుంటదట."

"గాలికి గుట్టెక్కుతరా ఎవరన్నా?" అని నవ్వింది కానీ, కాసేపటికి తనూ చెప్పులు వేసుకున్నది. పైదాకా రాలేదు. మొదటి దర్వాజా దాకా వచ్చి, ఆ రాతిగోడ నీడన కూచుని, ఊరంతా చూసి, "ఇంత దగ్గర్నే ఉండి ఇన్నేండ్లు రాకపోతిమి" అన్నది. ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నానంటే తప్పు కాదు.

ఇంతకీ భువనగిరి గుట్ట ఎక్కడం అంత కష్టమా అంటే, ఏ దారిన ఎక్కుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అది పది రాళ్లు పేర్చిన కొండ కాదు. సుమారు 500 అడుగుల ఎత్తున ఒక్కటే రాయి. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, తర్వాత భువనగిరి అయిందని చెబుతారు. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది.

మామూలు దారి ఊరి వైపు నుంచి మెట్ల మీదుగా పోతుంది. మెట్లన్నీ ఒక్క ఎత్తున ఉండవు. కొన్ని పిల్లలకు కూడా అందేంత చిన్నవి, కొన్నింటి దగ్గర మోకాలి మీద చెయ్యి పెట్టి లేవాలి. దర్వాజాలు దాటాక మెట్లు తగ్గిపోతాయి, ఉత్త బండ వస్తుంది. అక్కడే చాలామంది భయపడి వెనక్కి తిరుగుతారు. నిజానికి అక్కడ కావలసింది బలం కాదు, అరికాలు మొత్తం బండకు ఆనించి నడవడం. మన రాయి గరుకుగా ఉంటుంది, ఎండినప్పుడు కాలును పట్టుకుంటుంది. వాన పడితే మాత్రం నమ్మొద్దు. పైన పాత మహలు, నీటి గుంటలు, ఫిరంగి ఉన్నాయి. అన్నిటికన్నా ఆ గాలి ఉంది.

రెండో దారి మనలాంటివాళ్లకు కాదు. నిటారు బండ మీద తాళ్లు కట్టి ఎక్కడం, దిగడం నేర్పే చోటు. భువనగిరిలోని రాక్ క్లైంబింగ్ స్కూలు పిల్లలు అక్కడ సాధన చేస్తారు. రెండు రాళ్ల మధ్య సందులో వీపు ఒకవైపు, కాళ్లు ఒకవైపు ఆనించి పైకి జరగడం కూడా అందులో ఒక విద్యేనట. అది విన్నప్పుడు నాకు చెర్వుగట్టు మూడు గుండ్లు గుర్తొచ్చాయి. అక్కడ గుండ్ల మధ్య ఇరుకు సందులోంచి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, చీర కుచ్చిళ్లు పట్టుకుని మన అమ్మమ్మలు వట్టికాళ్లతో దూరి పైకి పోతారు కదా! వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే తేడా.

ఈ గుట్ట మీద నేర్చుకున్న పిల్లల కథ మీకు తెలిసిందే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. భువనగిరి బండ మీద తొలి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లు నిండనివారికి అనుమతి ఉండదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేసింది. అదే ఏడాది మే నెలలో ఈ గుట్ట కిందనే పెరిగిన పడమటి అన్వితా రెడ్డి కూడా ఎవరెస్టు ఎక్కింది.

ఈ వార్తలు చదివినప్పుడల్లా అందరూ పిల్లల ధైర్యం గురించి మాట్లాడతారు. నాకు ఆ తల్లులు కనిపిస్తారు. పదమూడేళ్ల పిల్ల అంటే మనింట్లో రాత్రి ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడి ఎదురుచూసే వయసు. ఆ వయసు పిల్లను మంచు కొండకు పంపడానికి ఒక తల్లి 'సరే' అన్నది. పిల్లలను ఎవరెస్టుకు పంపమని నేను చెప్పడం లేదు. అది నిపుణులు చూసుకోవలసిన విషయం. నేను అడిగేది చాలా చిన్నది. ఊరి పక్క గుట్టకు ఆడపిల్లను పంపడానికి మనకెందుకింత ఆలోచన?

ఎందుకో నాకూ తెలుసు. ఎండకు నల్లబడుతుంది. పడితే కాలు విరుగుతుంది. కాలు విరిగితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఆ మాట వస్తుంది. ఇవే మాటలు కొడుకు విషయంలో అనుకోం. వాడు మోకాలు చెక్కుకుని వస్తే పసుపు అద్ది "మగపిల్లగాడు, పడకుంటే ఎట్లా" అంటాం. పడి లేవడం ఒకరికి పాఠం, ఇంకొకరికి మచ్చ ఎట్లా అవుతుంది?

ఆడవాళ్ల కొండ మోజు ఇవ్వాళ పుట్టింది కూడా కాదు. యూరప్‌లోని ఆల్ప్స్‌లో మాటర్‌హార్న్ శిఖరాన్ని 1871లో లూసీ వాకర్ అనే ఆంగ్ల మహిళ ఎక్కింది. ఆ శిఖరం ఎక్కిన తొలి స్త్రీ ఆమే. అప్పటి పద్ధతి ప్రకారం పొడవాటి గౌనుతోనే ఎక్కింది. చీరతో ఎట్లా ఎక్కుతారని అడిగేవాళ్లకు ఆమె సంగతి చెప్పొచ్చు. 1975లో ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ, జపాన్‌కు చెందిన జుంకో తబేయి, అప్పటికే మూడేళ్ల పాపకు తల్లి. చిన్నపిల్లను ఇంట్లో వదిలి పోవడమేమిటని ఆ దేశంలోనూ అడిగేవాళ్లు ఉండే ఉంటారు.

ఆల్ప్స్ నుంచి మనం తెచ్చుకోదగ్గ పద్ధతి ఒకటుంది. స్విట్జర్లాండ్‌లో కొండదారులకు రంగుల గుర్తులు వేస్తారు. పసుపు గుర్తు ఉంటే ఎవరైనా నడిచే దారి. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీ ఉంటే కాస్త నిటారుగా, జాగ్రత్తగా పోవలసిన దారి. తెలుపు, నీలం, తెలుపు ఉంటే అనుభవం ఉన్నవాళ్లకే. ఆల్ప్స్‌లోని సున్నపురాయి కొండల్లోనైతే కొన్నిచోట్ల బండకు ఇనుప తీగలు, నిచ్చెనలు బిగించి ఆ దారిని వేరుగా చూపిస్తారు. ఇంటిల్లిపాదీ కింద నిలబడి గుర్తు చూసి, తాతయ్య ఈ దారి, పిల్లలు ఆ దారి అని తేల్చుకోవచ్చు. మన దగ్గర అట్లాంటి గుర్తులు లేక, ఎక్కగలిగినవాళ్లు కూడా తెలియని భయంతో కింద ఉండిపోతారు, ఎక్కకూడని అంచుకు పోయి కుర్రవాళ్లు సెల్ఫీలు దిగుతారు. భువనగిరి ఒక్కటే కాదు, ఏడు గుట్టల దేవరకొండ, రేచర్ల వెలమ రాజుల రాచకొండ, రెండు గుట్టలను కలిపి కట్టిన ఖిల్లా ఘనపూర్, మహబూబ్‌నగర్ దగ్గరి కోయిల్‌కొండ, అన్నిచోట్లా రెండు డబ్బాల రంగుతో అయిపోయే పని.

భువనగిరికి రోప్‌వే వేస్తారని చాలాకాలంగా అంటున్నారు. కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకంలో ఖిల్లా పేరు చేరాక ఆ మాట ఇంకా గట్టిపడింది. రావాలనే నేను కోరుకుంటాను. నడవలేనివాళ్లు, పెద్ద వయసువాళ్లు కూడా పైనుంచి ఒకసారి చూడాలి కదా. కానీ రోప్‌వే వచ్చాక మెట్ల దారిని గాలికి వదిలేస్తే మాత్రం మనం నష్టపోతాం. డబ్బాలో కూచుని పైకి పోతే పైనున్నది కనిపిస్తుంది. నడిచి పోతే మన ఒంట్లో ఇంకా ఎంత సత్తువ ఉందో కూడా తెలుస్తుంది. నలభై దాటిన ఆడదానికి ఆ రెండో సంగతి తెలియడం చాలా అవసరం.

ఇక రంగులకన్నా, రోప్‌వేకన్నా ముందు కావలసినవి ఆడవాళ్లు పైకి చెప్పరు, నేను చెబుతాను. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, దారిలో ఒక మహిళా గార్డు. కింద కూచుంటామనే అమ్మల్లో సగం మంది ఉదయం నుంచి నీళ్లు తాగకుండా వచ్చినవాళ్లే. నీళ్లు తాగకుండా ఎండలో బండ ఎక్కితే కళ్లు తిరుగుతాయి, అప్పుడు "చూశావా, ఆడవాళ్లతో కాదు" అంటారు.

మీరు పోదామనుకుంటే నాకు తెలిసిన నాలుగు మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం బండ పెనంలా కాలుతుంది. గేటు తీయగానే మొదలుపెట్టండి. జారని అడుగున్న బూట్లు వేసుకోండి. చున్నీ నడుముకు కట్టండి, చీరైతే కాస్త పైకి దోపండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగండి, మనకేం రైలు పోవడం లేదు. దిగేటప్పుడే మోకాళ్లకు పని ఎక్కువ, కాబట్టి పక్కకు తిరిగి చిన్న అడుగులు వేయండి. తేనెపట్లు కనిపిస్తే అరవకండి, దగ్గరికి పోకండి. మోకాళ్లు నిజంగా అరిగినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే రండి. అందరూ పైదాకా పోవాలని లేదు. మొదటి దర్వాజా కూడా గుట్టే.

సామాన్ల సంగతా? ఎవరి నీళ్ల సీసా వాళ్ల భుజానికి. పులిహోర డబ్బా ఇంటాయన సంచిలో పెట్టండి, పైన గాలిలో తింటే ఇంకా రుచిగా ఉంటుంది. ఎందుకు ఎక్కుతున్నావని ఎవరైనా అడిగితే, చూడాలనిపించింది అని చెప్పండి. ఆ జవాబు చాలు. మన కూతుళ్లు ఆ జవాబు మన నోటి నుంచి వింటే, రేపు వాళ్లు ఏ గుట్ట ఎక్కడానికీ ఎవరి పేరూ చెప్పుకోనవసరం ఉండదు.