మాత్ర ఉచితం, మర్యాద ఏది?

అరకు నుండి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైగా కనుమ దారి. హెచ్‌.ఐ.వి. మందుల కొరకు ఆ దారిన వచ్చే స్వలింగ ప్రియునికి, ద్విలైంగికునికి రెండు భయాలు: వ్యాధి తెలిసిపోతుందని, తన ప్రేమ తెలిసిపోతుందని. అట్టివానికి ‘దిగులు మాను, పెళ్లి చేసుకో’ అని చెప్పడం వైద్యం కాదు; మరో ప్రాణాన్ని కూడా దుఃఖంలోకి లాగడం.

స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చింది. రోగి గోప్యతను కాపాడాలని 2017 నాటి హెచ్‌.ఐ.వి. చట్టం శాసించింది. మరి పదిమంది వినేలా ‘ఎలా వచ్చింది?’ అని గద్దించే అధికారం మనకెవరిచ్చారు?

ఆ అవమానానికి వెరచి మాత్రలు మానితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. క్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనబడని స్థితిని నిలుపుకొన్నవారి నుండి లైంగికంగా వ్యాధి సోకదు.

కనుక ఆ సోదరునికి కావలసినది ఉపదేశం కాదు: తలుపు మూసిన గది, ఓపికగా వినే కౌన్సెలర్, నమ్మదగిన ఒక్క మనిషి. మందులను ప్రభుత్వం 2004 నుండే ఉచితంగా ఇస్తున్నది. మర్యాద ఇవ్వడానికి మనకేమి ఖర్చు?